కొత్త లేఅవుట్ కట్టే వారాంతం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ శని, ఆదివారాల్లో మన క్లబ్బు కొత్త మోడల్ రైల్వే లేఅవుట్ (బల్లల మీద చిన్న రైళ్లు నడిచే ఏర్పాటు) పని మొదలుపెడుతోంది. పాత సభ్యులూ, మొదటిసారి వచ్చేవాళ్లూ ఎక్కువగా అడుగుతున్న ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాశాం. వరుసగా చదవక్కర్లేదు. అయితే బోర్డు అతుకుల గురించి, వైరింగ్ గురించి రాసినవి మాత్రం అందరూ చదివి రండి. ఆ రెండు చోట్ల తొందరపడితే లేఅవుట్ ఉన్నన్నాళ్లూ వేధిస్తుంది.

ఈ రెండు రోజుల్లో ఏమేం చేస్తాం?

శనివారం మొత్తం చెక్కపని. లేఅవుట్‌ని మోసే చెక్క బల్లలు, అంటే బేస్‌బోర్డులు, ఆరు కోసి, బిగించి, ఒకదానికొకటి కలిపి, కాళ్ల మీద నిలబెట్టి మట్టం చూస్తాం. ఆదివారం ప్లాన్‌ని అసలు సైజులో ప్రింటు తీసిన కాగితాలు బోర్డుల మీద పరిచి, పట్టాలు ఎక్కడెక్కడ వెళ్తాయో గుర్తులు పెడతాం. ఆ గీతల వెంట కార్కు పట్టీలు అతికించి, మెయిన్ లైన్ వేయడం మొదలుపెడతాం. బోర్డుల కింద మెయిన్ వైర్లు లాగడం కూడా ఆ రోజే. కొండలు, చెట్లు, ఇళ్లు ఈ వారం లేవు.

ఆదివారం సాయంత్రానికి రైలు నడుస్తుందా?

ఒక ఇంజన్ ఒకటి రెండు బోర్డుల మీద అటూ ఇటూ తిరిగితే సంతోషమే. తిరగకపోయినా టెన్షన్ పడొద్దు. ఎలాగైనా రైలు నడిపి తీరాలని చీకటి పడేవేళ హడావుడిగా అతికించిన పట్టాలు ఆ తర్వాత పీకక తప్పదు. మీరు చేసిన పనిని వచ్చే వారం ఇంకొకరు చూసి, మీకు ఫోన్ చేయకుండా ముందుకు తీసుకెళ్లగలిగారా? అయితే మీ పని బాగా జరిగినట్టే. ఈ పేజీలో ఉన్న సగం నియమాలు అందుకోసమే.

నాకు చెక్కపనీ రాదు, కరెంటు పనీ రాదు. వచ్చి ఏం చేయాలి?

చాలా ఉంది. కొలిచి గీతలు గీయాలి, ఒకరు స్క్రూలు బిగిస్తుంటే ఇంకొకరు పట్టుకోవాలి, వైర్లు ఒకే పొడవుకి కత్తిరించి చివర్లు ఒలవాలి, లేబుళ్లు రాయాలి. లేబుళ్లు రాసేవాళ్లు ఎప్పుడూ తక్కువే. మీ చేతిరాత బాగుంటే రెండు రోజులూ మిమ్మల్ని వదలం. సోల్డరింగ్ (టంకం కరిగించి అతకడం) నేర్చుకోవాలని ఉంటే పారేసే పట్టా ముక్కల మీద సాధన చేయిస్తాం. కరిగిన టంకం ముద్దలా నిలవకుండా మెరుస్తూ పట్టా మీద పరుచుకుంటే మీకు చేయి కుదిరినట్టే, ఇక లేఅవుట్ మీద చేయొచ్చు.

ఏ స్కేలు?

హెచ్‌ఓ, అంటే 1:87, నిజం రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ.; 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌ని 87తో భాగిస్తే వచ్చేది అదే. ఎన్ స్కేలు అయితే సాధారణంగా 1:160, గేజ్ 9 మి.మీ. అదే స్థలంలో దాదాపు రెట్టింపు పొడవున్న రైలు పడుతుంది, దూరపు దృశ్యాలు అద్భుతంగా వస్తాయి. సభ్యుల దగ్గర ఉన్న ఇంజన్లలో ఎక్కువ హెచ్‌ఓవే కాబట్టి ఈసారి దానికే ఓటు పడింది.

ఓఓ అనే స్కేలు రైలు పెట్టెలు ఉన్నవాళ్లు నిరాశ పడక్కర్లేదు. వాటి స్కేలు 1:76 అయినా నడిచేది అదే 16.5 మి.మీ. ట్రాక్ మీద. హెచ్‌ఓ పెట్టె పక్కన నిలబెడితే కాస్త లావుగా కనిపిస్తాయి. నడిపేటప్పుడు ఎవరికీ పట్టదు, ఫొటోల్లోనే దొరికిపోతుంది.

గుండ్రంగా తిరుగుతూ ఉండే లైన్ ఎందుకు పెట్టలేదు? ఫ్లైఓవర్ కూడా లేదేం?

ఇది అందరూ అడిగేదే. జవాబు స్కేలు పట్టీతో చెప్పాలి.

ముందు వంపు సంగతి. నిజం పెట్టె 24 మీటర్లు ఉంటే హెచ్‌ఓలో అది సుమారు 276 మి.మీ. పెట్టెలు నమ్మకంగా తిరగాలంటే వంపు వ్యాసార్ధం పెట్టె పొడవుకి కనీసం మూడింతలు ఉండాలని మోడలర్లు పాటించే లెక్క. అంటే సుమారు 830 మి.మీ. చూడ్డానికి కూడా బాగుండాలంటే 900 పెట్టుకోవాలి. దాంతో పూర్తి వృత్తం వేస్తే లైన్ వెడల్పే 1.8 మీటర్లు, అంచులు కలిపితే 2 మీటర్లు. మన బోర్డు వెడల్పు 60 సెం.మీ. బొమ్మ సెట్లతో వచ్చే చిన్న వంపుల్లో పొడవాటి పెట్టెలు నడవవని కాదు. నడుస్తాయి, కాకపోతే పెట్టెల మూలలు బయటికి పొడుచుకొస్తాయి, వెనక్కి నెట్టేటప్పుడు కప్లింగులు (పెట్టెల్ని కలిపే కొక్కేలు) ఒకదాన్నొకటి పక్కకి తోసి పట్టా దిగుతాయి.

తర్వాత ఎత్తు. ఒక లైన్ మీదుగా ఇంకోటి దాటాలంటే కింద రైలుకి ఖాళీ, పైన వంతెన మందం కలిపి సుమారు 80 మి.మీ. ఎక్కాలి. వాలు 50కి 1 దాటితే బరువైన రైళ్లకి ఇంజన్ చక్రాలు జారతాయి. ఆ లెక్కన ఎక్కడానికి 4 మీటర్లు, దిగడానికి ఇంకో 4. మన లేఅవుట్ మొత్తం పొడవు 7.2 మీటర్లు. పైగా స్టేషన్ మట్టంగా ఉండాలి, లేకపోతే ఆపిన పెట్టెలు వాటంతట అవే కదిలిపోతాయి. ఇక ఫ్లైఓవర్ ఎక్కడ పెడతాం?

అందుకే ఈ ప్లాన్: ఒక చివర జంక్షన్ స్టేషన్, మధ్యలో పొలాల గుండా సింగిల్ లైన్, రెండో చివర తెర వెనక దాచిన యార్డు. రైళ్లు యార్డులోంచి వచ్చి, స్టేషన్‌లో ఇంజన్ మార్చుకుని, తిరిగి వెళ్తాయి. నన్నడిగితే ఒకే రైలు గిరగిరా తిరగడం చూస్తూ కూర్చోవడం కన్నా ఇదే ఎక్కువసేపు మనిషిని పట్టి ఉంచుతుంది.

ప్లాన్‌లో మార్పులు సూచించవచ్చా?

శనివారం మధ్యాహ్నం వరకు ఎవరైనా, ఏదైనా. కాగితం మీద పాయింటు (రైలు ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారే చోటు) జరపడానికి నిమిషం చాలు. కార్కు అతికిన తర్వాత మాత్రం నిజంగా పనిచేయని చోటే మారుస్తాం. ప్లాన్‌లో ఇష్టం లేనివాటి గురించి చివరి పెట్టె లోపల ఆగుతుందా, ఇంజన్ ముందుకి తిరిగి రాగలదా అన్న ప్రశ్నల రూపంలో అడగండి. అసలు పొడవున్న కాగితపు రైళ్లు కత్తిరించి ప్లాన్ మీద జరిపి చూద్దాం. స్టేషన్ లూప్ (ఇంజన్ రైలు రెండో చివరకి తిరిగొచ్చే పక్క లైన్) పొడవు మీద వచ్చే గొడవలన్నీ ఇలా పది నిమిషాల్లో తేలిపోతాయి.

బోర్డులు చిన్న ముక్కలుగా ఎందుకు? ఒకే పెద్ద బల్ల తేలిక కదా?

కట్టడం తేలికే. గదిలోంచి బయటికి తీయడం, ప్రదర్శనకి తీసుకెళ్లడం కుదరదు. 1200 బై 600 మి.మీ. బోర్డుని ఇద్దరు మోయగలరు, మామూలు తలుపులోంచి పక్కకి తిప్పి తీయొచ్చు, నిలువుగా పెట్టి కూర్చుని వైరింగ్ చేసుకోవచ్చు. ఈ చివరిది ఎంత సుఖమో బల్ల కింద వెల్లకిలా పడుకుని, మీద కారే టంకం నుంచి మొహం కాచుకుంటూ పనిచేసిన వాళ్లని అడగండి. వెడల్పు 60 సెం.మీ.కే పరిమితం చేయడానికి ఇంకో కారణం, ముందు నుంచి చేయి చాపితే వెనక పట్టాలు అందాలి. 75 సెం.మీ. దాటితే చొక్కా చేతులకి తగిలి ముందున్న సిగ్నళ్లు విరగడం మొదలవుతుంది.

చెక్క: పైపలక 9 మి.మీ. ప్లైవుడ్, కింద చట్రం కూడా ప్లైవుడ్ పట్టీలే. మామూలు కర్ర దూలాలు చవక, కానీ తేమకి మెలి తిరుగుతాయి. చట్రం మూలలు మూలమట్టంతో చూడకుండా జిగురు పెట్టొద్దు. ఆరు బోర్డుల్లో ఒక్కొక్కటి ఒక మి.మీ. వంకర పోయినా చివరికి వరుస విల్లులా వంగుతుంది. చట్రంలో అడ్డ పట్టీలు పాయింట్ల మోటార్లు వచ్చే చోట పడకూడదు. కాబట్టి రంపం పట్టేముందే ప్లాన్ పరిచి చూడాలి.

బోర్డు అతుకుల గురించి ఇంత పట్టింపు దేనికి?

లేఅవుట్‌లో రైలు పట్టా దిగే చోట్లు ఎక్కువగా ఇవే. ఎన్నిసార్లు విప్పి కట్టినా రెండు బోర్డుల పట్టాలు వెంట్రుక వాసి తేడా లేకుండా ఎదురెదురుగా రావాలి. బోల్టులతో అది సాధ్యం కాదు. బోల్టు రంధ్రంలో ఎప్పుడూ కాస్త ఖాళీ ఉంటుంది. బోల్టు పని బోర్డులని దగ్గరికి లాగి పట్టుకోవడం వరకే. స్థానం కుదిర్చేది లోహపు డోవెల్ జతలు: ఒక బోర్డులో బుడిపె, ఎదుటి బోర్డులో దానికి సరిపడే గుంట. ప్రతి అతుకుకీ రెండు జతలు, వీలైనంత దూరదూరంగా పెడతాం.

వరుస చాలా ముఖ్యం. రెండు చట్రాల చివరి పట్టీలని క్లాంపులతో కలిపి బిగించి, రెండింటికీ ఒకేసారి రంధ్రం వేయాలి. డోవెల్స్ కూర్చాలి. బోల్టులు బిగించాలి. పైన రసమట్టం పెట్టి చూడాలి. ఆ తర్వాతే అతుకు మీదుగా ఒకే పట్టాని ఏకంగా వేయాలి. అతుకుకి అటూ ఇటూ రాగిపూత ఉన్న స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా ఉండే పట్టీలు) స్క్రూ చేసి, పట్టాలని వాటికి సోల్డర్ చేసి, అన్నీ చల్లారాక సన్నని రంపంతోనో కటింగ్ డిస్కుతోనో అతుకు గీత మీద కోయాలి. ముందు కోసి తర్వాత కలపాలని చూస్తే ఎప్పటికీ కుదరదు.

రాగి స్లీపరు మధ్యలో రాగిని గీరి తెంపడం మర్చిపోవద్దు. లేకపోతే అదే రెండు పట్టాలకీ షార్టు. మీటరు పెట్టి చూసి, చూసినట్టు చట్రం మీద పెన్సిలుతో రాసి, పక్కన మీ పొట్టి సంతకం పెట్టండి.

లైన్ అతుకుని నిటారుగా దాటితే మంచిది. ఏటవాలుగా దాటితే కోసిన పట్టా మొన తేలి చక్రానికి తగులుతుంది. అతుకు మీద పాయింటు అసలు వద్దు. ప్లాన్‌లో ఒక చోట పాయింటు అతుకుకి 5 సెం.మీ. దూరంలో ఉంది, దాన్ని జరపాలని ఇప్పటికే ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాం.

పట్టాలు ఏ రకం?

ఫ్లెక్సీ ట్రాక్, అంటే చేత్తో వంచగలిగే పట్టాలు, గజం పొడవు ముక్కలు. కనిపించే చోట కోడ్ 75, దాచిన యార్డులో కోడ్ 100. ఆ అంకె పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కోడ్ 100 అంటే 2.54 మి.మీ. అది మొరటుగా కనిపించినా పాత ఇంజన్ల లోతైన చక్రపు అంచుల్ని కూడా భరిస్తుంది. తెర వెనక అందం ఎవరికి కావాలి?

ఫ్లెక్సీని వంచితే లోపలి పట్టా ముందుకి పొడుచుకొస్తుంది. దాన్ని కోసి, కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేయాలి. వంపులో పడే జాయింటుని నిటారుగా ఉన్నప్పుడే సోల్డర్ చేసి, ఆ తర్వాత వంచండి. లేకపోతే అక్కడ మెడ విరిగినట్టు మలుపు వస్తుంది. ఎడమ వంపు వెంటనే కుడి వంపు వచ్చే చోట మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవు నిటారు ముక్క ఉండాలి.

అన్ని జాయింట్లూ సోల్డర్ చేసేస్తే గట్టిగా ఉండదా?

వద్దు. నికెల్ సిల్వర్ పట్టా, 1.2 మీటర్ల పొడవున్నది, 20 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.4 మి.మీ. సాగుతుంది. కింద చెక్క తేమని బట్టి ఇంకో రకంగా కదులుతుంది. నిటారు లైన్లలో అక్కడక్కడ సందు వదలకపోతే ఎండాకాలంలో పట్టా పక్కకి ఉబుకుతుంది. మందపాటి కాగితం పట్టేంత సందు చాలు.

డిసిసి (డిజిటల్ కమాండ్ కంట్రోల్) అంటున్నారు కదా, రెండు వైర్లు తగిలిస్తే అయిపోదా?

అమ్మేవాళ్లు చెప్పే మాట అది. డిసిసిలో కరెంటూ, ఇంజన్లకిచ్చే ఆజ్ఞలూ ఒకే జత పట్టాల్లో వెళ్తాయి. ప్రతి ఇంజన్‌లో ఉన్న డీకోడరు తన నంబరుకి వచ్చిన ఆజ్ఞని మాత్రమే వింటుంది. కాబట్టి పాత పద్ధతిలోలాగా లైన్‌ని సెక్షన్లుగా విడగొట్టి, ఒక్కోదానికి స్విచ్చి పెట్టే బాధ తప్పింది. అయితే కరెంటు ఎక్కడ కాస్త తగ్గినా ఆజ్ఞ కూడా అక్కడే తెగుతుంది. ఇంజన్ ఆగుతుంది, లేదా దాని లైట్లు మిణుకుమంటాయి.

మన పద్ధతి ఇది. బోర్డుల కింద ఆ చివర నుంచి ఈ చివరకి 2.5 చ.మి.మీ. రాగి వైర్లు రెండు, ఎరుపు, నలుపు. పైన ఉన్న ప్రతి పట్టా ముక్కకీ సన్నని తీగ ఒకటి సోల్డర్ చేసి కిందకి దించి ఆ మెయిన్ వైరుకి కలుపుతాం. జాయింట్ల దగ్గర ఉండే రేకు ముక్కల మీద కరెంటు కోసం ఆధారపడం. అవి కొన్నాళ్లకి వదులవుతాయి, రంగూ కంకర జిగురూ లోపలికి దిగుతాయి. పట్టా ముక్క వేలెడే ఉన్నా దాని తీగ దానిదే.

మెయిన్ వైరు అంత లావు దేనికంటారా? 7 మీటర్ల లేఅవుట్‌కి పోను రాను 14 మీటర్ల తీగ. 0.5 చ.మి.మీ. తీగ వాడితే 3 ఆంపియర్ల దగ్గర దాదాపు వోల్టున్నర దారిలోనే పోతుంది. 2.5 వాడితే 0.3 వోల్టు. అసలు ప్రమాదం ఇంకోటి: సన్న తీగ వల్ల చివర షార్టయినా బూస్టరుకి (పట్టాలకి కరెంటు ఇచ్చే పరికరానికి) చాలినంత కరెంటు కనిపించక అది ట్రిప్పవదు. పట్టా దిగిన ఇంజన్ చక్రాల దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. అందుకే ప్రతి బోర్డు పూర్తవగానే పట్టాల మీద అడ్డంగా నాణెం పెట్టి చూస్తాం. ఎక్కడ పెట్టినా బూస్టరు వెంటనే ఆగిపోవాలి. ఒక్క చోట ఆగకపోయినా ఆ బోర్డు పాస్ కానట్టే.

రంగుల విషయంలో సృజనాత్మకత వద్దు. ముందు నుంచి చూస్తే దగ్గరి పట్టా నలుపు, అవతలి పట్టా ఎరుపు, ఆరు బోర్డుల్లోనూ. ఎర్ర వైరు అయిపోతే పని ఆపండి, పసుపుతో సర్దుకోవద్దు. బోర్డుని తిరగేసినప్పుడు ముందూ వెనకా తారుమారవుతాయి కాబట్టి చట్రం లోపలివైపు కూడా "ముందు" అని పెద్ద అక్షరాలతో రాస్తాం.

ప్రసంగవశాత్తూ ఒక మాట. 1946లో అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో మొదలైన విద్యార్థుల మోడల్ రైల్వే క్లబ్బులో బోర్డు పైన దృశ్యాలు చేసేవాళ్లొక జట్టు, కింద టెలిఫోన్ రిలేలతో (కరెంటుతో పనిచేసే స్విచ్చిలతో) సిగ్నళ్ల వ్యవస్థ కట్టేవాళ్లొక జట్టు ఉండేవి. తొలితరం కంప్యూటర్ ప్రోగ్రామర్లలో కొందరు ఆ కింది జట్టు నుంచే వచ్చారు. బల్ల కింద దూరే పనిని చిన్నచూపు చూసేవాళ్లకి ఇది చెప్పండి.

రివర్స్ లూప్ దగ్గర షార్టు అవుతుందని విన్నాను.

అవుతుంది. లైన్ గుండ్రంగా తిరిగి వచ్చి తనలోనే కలిసినప్పుడు ఎడమ పట్టా కుడి పట్టాకి తగులుతుంది. మన ప్లాన్‌లో అలాంటి లూపు గానీ, మూడు లైన్లు త్రికోణంగా కలిసే ట్రయాంగిల్ గానీ లేదు కాబట్టి ఆ చిక్కు లేదు.

పాయింట్లు చేత్తోనా, మోటారుతోనా?

స్టేషన్‌లో మోటార్లు, యార్డులో కింద నుంచి తోసే కడ్డీలు. అయితే ఈ వారం మోటార్లు బిగించం. వాటి రంధ్రాలు మాత్రం పట్టా వేయకముందే వేయాలి. వేసిన పాయింటు కింద డ్రిల్లు పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

కంకర ఎప్పుడు పోస్తాం?

కనీసం కొన్ని వారాలు రైళ్లు నడిపి, పొడవాటి పెట్టెల్ని వెనక్కి నెట్టి చూసి, తప్పులన్నీ దొరికాక. కంకర జిగురుతో గట్టిపడ్డ పట్టాని పాడవకుండా ఊడదీయడం కష్టం. అప్పుడు చేసే పద్ధతి: పొడి కంకరని కుంచెతో సర్ది, సబ్బు చుక్క కలిపిన నీళ్లు పిచికారీ చేసి, తెల్ల జిగురుకి సమానంగా నీళ్లు కలిపి డ్రాపరుతో వదలడం. పాయింట్ల కదిలే నాలుకల దగ్గర మాత్రం ఆ పని చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి.

నాకు సీనరీ అంటేనే ఇష్టం. నేను రావడం దండగా?

ఏమీ కాదు. నేల మట్టం ఎక్కడ పట్టాల కన్నా కిందకి దిగాలో చెప్పాల్సింది మీరే, అదీ శనివారమే. పలక అంతా ఒకే మట్టంగా పరిచేస్తే తర్వాత కాలువ తవ్వడానికి వీలుండదు. బల్లపరుపు నేల మీద పట్టా వేసినట్టు కనిపించే లేఅవుట్లన్నిటికీ జబ్బు ఇదే. మూడో బోర్డులో వాగు మీద చిన్న వంతెన అనుకున్నాం. అక్కడ పలక ఎంత కోయాలో ఇంకా తేలలేదు.

నా సొంత ఇంజన్ తేవచ్చా?

తప్పకుండా. డీకోడరు నంబరు 3 అయితే మార్చుకుని రండి. కొత్త డీకోడర్లు సాధారణంగా ఆ నంబరుతోనే వస్తాయి, నలుగురివి ఒకేసారి కదిలితే నవ్వులాటే. చక్రాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి తెండి. పట్టాల్ని గరుకు కాగితంతో రుద్దొద్దు. గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది.

వేగం గురించి: 60 కి.మీ. వేగం హెచ్‌ఓలో సెకనుకి 19 సెం.మీ. మాత్రమే. ఆ లెక్కన మన లేఅవుట్ ఈ చివర నుంచి ఆ చివరకి 38 సెకన్లు పట్టాలి. పది సెకన్లలో దాటించేవాళ్ల చేతిలోంచి కంట్రోలరు మర్యాదగా తీసేసుకుంటాం.

పిల్లల్ని తీసుకురావచ్చా?

తీసుకురండి. రంపాలు, డ్రిల్లులు, సోల్డరింగ్ బల్ల ఉన్న గదిలోకి పెద్దలు పక్కన ఉంటేనే. కాగితపు రైళ్లతో ప్లాన్ పరీక్షించే పని వాళ్లకి అప్పగిస్తే మనకి తట్టని ప్రశ్నలు వేస్తారు.

జాగ్రత్తలేంటి?

పట్టా కోసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి. కటింగ్ డిస్కు విరిగితే ముక్క నేరుగా మొహం మీదికి వస్తుంది. సోల్డరింగ్‌లో గొంతు పట్టే పొగ ఫ్లక్సుది (టంకం బాగా అంటడానికి వాడే పదార్థం), కాబట్టి కిటికీ తెరిచి, ఫ్యాను పొగని అవతలికి తోసేలా పెట్టండి. సీసం ఉన్న టంకం పట్టుకున్నాక ఏదైనా తినేముందు చేతులు సబ్బుతో కడగండి. ఇంటి కరెంటు వెళ్లే ఏ పెట్టెనీ ఎవరూ విప్పొద్దు. లేఅవుట్ కిందకి వచ్చేది అడాప్టరు నుంచి దిగిన తక్కువ వోల్టేజి మాత్రమే.

ఏ పనిముట్లు తేవాలి?

ఉంటే స్క్రూడ్రైవరు, స్టీలు స్కేలు, మల్టీమీటరు, తలకి పెట్టుకునే లైటు. పిడి మీద పేరు రాయండి. సాయంత్రానికి అందరి స్క్రూడ్రైవర్లూ ఒకేలా కనిపిస్తాయి.

ఎప్పటికి పూర్తవుతుంది?

రైళ్లు నడిచే స్థితికి రావడం వేరు, పూర్తవడం వేరు. జర్మనీలో హాంబర్గ్‌లోని ప్రసిద్ధ మినియటూర్ వుండర్‌లాండ్ 2001లో తెరిచింది. ఆ తర్వాత కూడా దానికి కొత్త భాగాలు చేరుతూనే వచ్చాయి. మనం ముందు ఆరు బోర్డుల మీద ఒక రైలు ఆగకుండా పోయి రావడం చూద్దాం.

నాకు ఆదివారం ఒక్క రోజే వీలవుతుంది. ముందు రోజు ఏం జరిగిందో తెలియకుండా పని ఎలా అందుకోవాలి?

ప్రతి బోర్డు చట్రానికి ఒక అట్ట వేలాడుతుంది. ఆ బోర్డులో అయిన పని, మీటరుతో చూసినవి, ఇంకా చూడనివి, జిగురు ఆరడానికి వదిలినవి, ఎవరు ఎక్కడ ఆపారు అన్నీ దాని మీద ఉంటాయి. వచ్చిన వెంటనే అట్ట చదివి, "చూడలేదు" అని ఉన్నవాటితో మొదలుపెట్టండి. అట్ట ఖాళీగా ఉన్న బోర్డుని మాత్రం ముట్టుకోకండి, దాని మీద పనిచేసినవాళ్లని వెతికి ముందు రాయించండి.